వాన వెలిసినా ఆరని రోడ్డు

మే నెలలో మా ఊరి రోడ్డు బెర్ము మీద, అంటే తారు పక్కనుండే మట్టి అంచు మీద, గునపం వేస్తే ఖంగుమని మోగుతుంది, చేతులు జిల్లుమంటాయి. అదే చోట నవంబరులో వేస్తే జానెడు లోతుకు మెత్తగా దిగిపోతుంది. లాగేటప్పుడు మట్టి గునపాన్ని వదలదు. కోనసీమలో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలిసిన ఈ సంగతిని అంకెల్లో నిలబెట్టడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. అందులో ఒక ఏడాది పూర్తిగా నా పొరపాటు వల్లే పోయింది. నేను నిజంగా నేర్చుకున్నదంతా ఆ ఏడాది తరువాతే కాబట్టి దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెబుతాను. మాది ముమ్మిడివరం దగ్గర చిన్న పల్లె. చిన్నప్పుడు కాకినాడ వెళ్ళాలంటే ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి, గౌతమి దాటి, యానాంలో దిగేవాళ్ళం. 2002లో అక్కడ వంతెన వచ్చింది. రేవులో కాసుకుని కూర్చునే బాధ తీరింది. ఆ తరువాత డెల్టాలో ఎక్కడ వంతెన దాటినా ఒక సంగతి గమనించేదాన్ని. చాలా చోట్ల వంతెన మీదికి ఎక్కేటప్పుడు బస్సు ఒక్క కుదుపు కుదుపుతుంది, దిగేటప్పుడు మళ్ళీ కుదుపుతుంది. నాన్నను అడిగితే, "వంతెన కాళ్ళు గట్టి నేల దాకా దిగి ఉంటాయమ్మా. రోడ్డుకు కాళ్ళు లేవుగా, బురద మీద పడుకుని ఉంటుంది" అన్నారు. ఇంజనీరింగు పుస్తకాల్లో ఆ విషయం చాలా పేజీలు ఉంటుంది. వంతెన దగ్గర ఎత్తుగా పోసిన మట్టికట్ట బరువుకు కింది బంకమట్టిలోని నీరు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా బయటికి పోతుంది, ఆ మేరకు కట్ట కుంగుతుంది, వంతెన మాత్రం కదలదు. నాన్న చెప్పినదానిలో తప్పేమీ లేదు.

పిహెచ్.డి.లో చేరినప్పుడు వంతెనల మీదే పని చేయాలనుకున్నాను. మా గైడు గారు ఒప్పుకోలేదు. వంతెనకు డబ్బు, డిజైను, పర్యవేక్షణ అన్నీ దొరుకుతాయనీ, పల్లె రోడ్డు గురించి అంత ఓపికగా ఆలోచించేవాళ్ళు తక్కువనీ అన్నారు. రోడ్డు కింద అడుగున ఉండే మట్టిని, అంటే సబ్‌గ్రేడ్‌ను పట్టుకోమన్నారు. అలా సముద్రానికి దగ్గరగా ఉన్న మధ్య డెల్టా పల్లె రోడ్ల కింది నల్ల బంకమట్టిని సున్నం, ఊక బూడిద కలిపి గట్టిపరచడం నా అంశం అయింది.

మొదటి ఏడాది వేసవి సెలవుల్లో మట్టి నమూనాలు తీశాను. మా వైపు మే నెల దానికి ఎంతో అనుకూలం. దాళ్వా (రెండో పంట) కోతలు అయిపోయి ఉంటాయి. కాలువలు కట్టేసి ఉంటారు. చేలు బీటలు తీసి ఉంటాయి. కూలీలు దొరుకుతారు, గోతిలోకి ఊట రాదు. ముమ్మిడివరం, ఐ.పోలవరం, కాట్రేనికోన మండలాల్లో 11 చోట్ల రోడ్డు అంచున మీటరు లోతు గోతులు తవ్వించాను. పైన తారు పొర, దాని కింద కంకర, ఆ కింద మెట్ట ప్రాంతం నుంచి తెచ్చి పోసిన ఎర్ర గ్రావెల్, అడుగున నల్లమట్టి. కాగితం మీద గీసినప్పుడు ఈ పొరల మధ్య తిన్నని గీతలు ఉంటాయి. గోతిలో ఆ గీతలు లేవు. గ్రావెల్, దానితోపాటు కొన్ని చోట్ల కంకర రాళ్ళు కూడా నల్లమట్టిలోకి దిగబడి ఉన్నాయి. బంకమట్టి కింది నుంచి రాళ్ళ సందుల్లోకి ఎగబాకింది. ఎంతో ఖర్చు పెట్టి పోసిన గ్రావెల్‌లో కొంత భాగం ఇక గ్రావెల్‌గా పనిచేయడమే లేదు. ఒక గోతి దగ్గర నేను చాలాసేపు కూర్చుండిపోయాను. రోడ్డు పైనుంచి అరిగిపోతుందని అనుకునేదాన్ని. అక్కడ అది కిందినుంచి మింగబడుతోంది.

(ఈ రెండు పొరలు కలిసిపోకుండా మధ్యలో కొబ్బరి పీచుతో నేసిన జియోటెక్స్‌టైల్ పరచవచ్చు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లలో దాన్ని వాడేందుకు కేంద్రం 2020లో అనుమతి ఇచ్చింది. పీచుకు కొదవలేని కోనసీమలో దాని మీద ఎవరైనా లోతుగా పని చేయాలని నా కోరిక. నా అంశం అది కాదు కాబట్టి ఇంతటితో ఆపుతాను.)

ప్రతి గోతి పక్కనా నేల గట్టిదనం కొలిచే డి.సి.పి. పరీక్ష చేశాను. 8 కిలోల సుత్తిని 575 మిల్లీమీటర్ల ఎత్తునుంచి వదులుతూ, కడ్డీ కొసన ఉన్న శంకువు ఒక్కో దెబ్బకు ఎంత దిగిందో రాసుకోవడమే ఈ పరీక్ష. ఆ ఎండల్లో అంచు దగ్గర నల్లమట్టిలో దెబ్బకు సెంటీమీటరు దిగడమే గగనమైంది. లెక్క కడితే మంచి గట్టి నేల అనే వచ్చింది. సంతోషంగా పుస్తకంలో రాసుకున్నాను.

తరువాత ప్రయోగశాల. మట్టి ఎంత బరువు మోయగలదో చెప్పే సి.బి.ఆర్. పరీక్ష పేరు వినడమే గానీ చేతులతో చేస్తే తప్ప దాని ఓపిక తెలియదు. తగినంత నీరు కలిపిన మట్టిని 150 మిల్లీమీటర్ల వ్యాసమున్న మౌల్డులో మూడు పొరలుగా వేసి, పొరకు 56 చొప్పున 2.6 కిలోల రామర్‌తో (దిమ్మిసతో) దెబ్బలు కొట్టాలి. పైన బరువులు పెట్టి 96 గంటలు, అంటే నాలుగు రోజులు నీళ్ళలో ముంచి ఉంచాలి. మట్టి ఉబ్బుతూ ఉంటే పైనున్న డయల్ గేజి ముల్లు కదులుతూ ఉంటుంది. మా మట్టితో ఆ ముల్లు నాలుగో రోజు కూడా ఆగలేదు. అయిదో రోజు మౌల్డును యంత్రం కింద పెట్టి, 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న కడ్డీని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల వేగంతో మట్టిలోకి దింపాలి. 2.5 మిల్లీమీటర్లు దిగడానికి ప్రామాణిక కంకరకైతే 1370 కిలోల బరువు కావాలి. మా మట్టికి ఇరవై ఏడు కిలోలు సరిపోయింది. అంటే రెండు శాతం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐ.ఆర్.సి.) వేసిన పల్లె రోడ్ల డిజైను పుస్తకం ఎస్.పి. 72 మట్టిని అయిదు తరగతులుగా విడదీస్తుంది. రెండు శాతం అంటే అన్నిటికన్నా అడుగు తరగతి.

ఉబ్బు స్వభావం చూసే పరీక్ష మరీ సులువైనది. 10 గ్రాముల పొడి మట్టిని ఒక కొలగొట్టంలో నీళ్ళలో, మరో 10 గ్రాములను ఇంకో దానిలో కిరోసిన్‌లో పోసి ఒక రోజు ఆగాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ళ గొట్టంలోని మట్టి దానికి ఒకటిన్నర రెట్లు దాటింది. అంటే ఉబ్బు 50 శాతం పైనే. అలాంటి మట్టిని రోడ్డు కట్టకు వాడరాదని జాతీయ రహదారుల నిబంధనల్లో ఉంది. కానీ డెల్టాలో పల్లె రోడ్డు పక్కన తవ్వితే వచ్చేది అదే మట్టి.

ఏడాది చివర డాక్టోరల్ కమిటీ ముందు ఈ అంకెలన్నీ పెట్టాను. ఒక ప్రొఫెసర్ గారు పట్టికలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. "రోడ్డు మీద కొలిస్తే గట్టి నేల అంటున్నారు, ప్రయోగశాలలో కొలిస్తే బురద అంటున్నారు. ఈ రెండింటిలో ఏది మీ రోడ్డు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "మీరు రోడ్డు మీద ఏ నెలలో కొలిచారు?" అని మళ్ళీ అడిగారు. మే అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చేటప్పటికే నాకు విషయం అర్థమైంది. నాకు అనువైన నెలలో కొలిచాను. రోడ్డుకు కష్టమైన నెలలో కాదు. రోడ్డు మీద తీసిన తేమ కొలతలన్నీ, సుత్తి దెబ్బల లెక్కలన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఆ రాత్రి ఎస్.పి. 72 మళ్ళీ తీశాను. అంతకుముందు పరీక్షకు చదివినట్టు చదివాను, ఈసారి నా ఊరి కోసం చదివాను. భూగర్భజలం పైకి దగ్గరగా ఉన్న చోట, అలాంటి పరిస్థితిలోనే ఉన్న పాత రోడ్డు కింద, జలమట్టం అన్నిటికన్నా పైన ఉండే కాలంలో మట్టి తేమను నేరుగా కొలవడమే సరైన పద్ధతి అని అందులో స్పష్టంగా ఉంది. ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని పట్టుకునే మిగతా పరిశోధన నడిచింది.

మరి మా దగ్గర జలమట్టం పైన ఉండే కాలం ఏది? మెట్ట ప్రాంతంలో అయితే వానల తరువాత అని చెప్పి ఊరుకోవచ్చు. డెల్టాలో వాన ఒక్కటే లెక్క కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇక్కడి నేల తడి ఆకాశంతో పాటు కాలువ మీద కూడా ఆధారపడింది. జూన్‌లో నీళ్ళు వదులుతారు, సార్వా (తొలి పంట) మొదలవుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను వానలు. డిసెంబరు, జనవరిల్లో దాళ్వా నాట్లు, మళ్ళీ చేలనిండా నీళ్ళు. కాలువలు కట్టేసేది ఏప్రిల్‌లోనే. అందుకని ఏడాదికి నాలుగు విడతలు పెట్టుకున్నాను. నీళ్ళు వదలకముందు మేలో, సార్వా మధ్యలో ఆగస్టులో, వానలు తగ్గాక నవంబరు చివర, దాళ్వాలో ఫిబ్రవరిలో. ప్రతి చోటా రోడ్డు మధ్యలో ఒకటి, అంచుకు అరమీటరు లోపల ఒకటి, రెండు రంధ్రాలు. మట్టిని తీసిన వెంటనే మూత డబ్బాలో పెట్టి, తూకం వేసి, ఓవెన్‌లో 105 నుంచి 110 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి, మళ్ళీ తూకం వేయడం. పని చిన్నదే, కానీ వందల డబ్బాలు. ఆదివారాలు ఒక్కొక్కటిగా దానికే పోయాయి.

నవంబరు కొలతలు నేను ఊహించినట్టే వచ్చాయి. మేలో దెబ్బకు సెంటీమీటరు దిగిన కడ్డీ అదే అంచున అయిదు సెంటీమీటర్లు దిగింది. ప్రయోగశాలలోని రెండు శాతం నిజమేనని రోడ్డు కూడా ఒప్పుకున్నట్టయింది. నన్ను నిలబెట్టేసినవి ఫిబ్రవరి కొలతలు. అప్పటికి వాన చుక్క పడి రెండు నెలలు దాటింది. పైన దుమ్ము రేగుతోంది. అంచు కింద తేమ మాత్రం నవంబరు నుంచి దాదాపు తగ్గనే లేదు. తూకంలో తప్పు చేశానేమోనని రెండోసారి తీశాను. అదే అంకె.

ఆ రోజు రోడ్డు పక్కన రొయ్యల చెరువు గట్టు మీద ఒక రైతు మేత బస్తాలు దింపిస్తున్నారు. వరసకు బాబాయి అవుతారు. నా డబ్బాలు చూసి, "ఎందుకమ్మా రెండోసారి తవ్వుతున్నావు?" అన్నారు. తేమ తగ్గలేదని చెప్పాను. "ఎలా తగ్గుతుందమ్మా? ఇటు నా చెరువులో నీళ్ళు రోడ్డు ఎత్తున ఉన్నాయి. అటు దాళ్వా చేను. మధ్యలో రోడ్డు గట్టులాగా ఉందంతే" అన్నారు. నేను అప్పటిదాకా రోడ్డును రోడ్డుగానే చూశాను. రెండు నీళ్ళ మధ్య గట్టుగా చూడలేదు. గట్టును తడి ఎటునుంచి ఎటు దాటుతుందో రైతుకు తెలిసినంత నాకు తెలియదు. ఆ తరువాత ప్రతి చోటా పక్కనున్నది చేనా, చెరువా, కాలువా, మురుగు కాలువా, నీటిమట్టం రోడ్డుకు ఎంత కింద ఉంది అన్నది రాసుకోవడం మొదలుపెట్టాను. నా సిద్ధాంత గ్రంథంలో అన్నిటికన్నా ఉపయోగపడే పట్టిక అదేనని నా నమ్మకం. నాలుగు రోజులు నానబెట్టే పరీక్ష అతి జాగ్రత్త అని కొందరు ఇంజనీర్లు అనడం విన్నాను. డెల్టాలో ఆ మట్టి నాలుగు రోజులు కాదు, పది నెలలు నానుతుంది.

రోడ్ల పరిశోధనలో 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆషో (అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) జరిపిన రోడ్డు పరీక్షకు పెద్ద పేరుంది. లారీలను రాత్రింబవళ్ళు తిప్పి రోడ్లు ఎలా పాడవుతాయో కొలిచారు. ఇరుసు బరువు పెరిగితే నష్టం దాదాపు ఆ నిష్పత్తికి నాలుగో ఘాతంగా పెరుగుతుందన్న సూత్రం అక్కడిదే. బరువు 20 శాతం ఎక్కువైతే నష్టం రెండింతలు దాటుతుంది. పాఠాల్లో మేము దాన్ని మాత్రమే చెబుతాము. నేను మళ్ళీ చదివినప్పుడు కంటపడిన విషయం వేరే. అక్కడ కూడా రోడ్లు ఎక్కువగా దెబ్బతిన్నది మంచు కరిగి అడుగుమట్టి మెత్తబడే వసంత కాలంలో. అదే లారీ, అదే బరువు, మారింది అడుగున తడి. వాళ్ళ వసంతం కొద్ది వారాలు ఉంటుంది. మా వసంతం జూన్ నుంచి ఏప్రిల్ దాకా.

బరువు సంగతి చిన్నదని కాదు. ఇసుక ర్యాంపుల నుంచి వచ్చే లారీలు మా పల్లె రోడ్ల కోసం లెక్కించినవి కావు. దమ్ము చేసిన ట్రాక్టరు ఇనుప చక్రాలు విప్పకుండానే ఒక చేని నుంచి ఇంకో చేనికి తారు రోడ్డు మీద వెళ్తే ఆ గాట్లలోనుంచి తొలకరి నీరు దిగుతుంది. చక్రాలు విప్పి బిగించడానికి పట్టే సమయం, నాట్ల కాలంలో ట్రాక్టరు కిరాయి నాకు తెలుసు. రైతును తప్పు పట్టలేను. ఒక్కో పుంత (పొలాల్లోకి వెళ్ళే దారి) మొదట్లో పది అడుగుల వెడల్పున కాంక్రీటు పట్టీ వేస్తే చాలావరకు ఆగుతుందని మాత్రం అనుకుంటున్నాను.

ఇక మట్టిని గట్టిపరచడం. సున్నంలోని కాల్షియం బంకమట్టి రేణువుల చుట్టూ ఉన్న సోడియం స్థానంలోకి చేరుతుంది, రేణువులు గుంపులు కడతాయి, జిగట తగ్గుతుంది. ఆ తరువాత నెమ్మదిగా సున్నం, సిలికా కలిసి సిమెంటు లాంటి పదార్థం ఏర్పడుతుంది. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే, పైగా డెల్టాలో రైసు మిల్లుకు కొదవ లేదు. కానీ బూడిదలన్నీ ఒకటి కావు. మరీ ఎక్కువ వేడిలో కాలితే సిలికా స్ఫటికంగా మారి సున్నంతో సరిగా కలవదు. తక్కువ కాలితే బొగ్గు మిగిలి నల్లగా ఉంటుంది. మూడు మిల్లుల బూడిదతో మూడు రకాల ఫలితాలు వచ్చాక, ఒకే మిల్లు, ఒకే బాయిలరు అని నియమం పెట్టుకున్నాను.

సున్నం దగ్గర కూడా దెబ్బతిన్నాను. దసరా సెలవులకు వెళ్తూ బస్తా మూతి సరిగా కట్టలేదు. తిరిగి వచ్చి చేసిన నమూనాలన్నీ నీరసంగా వచ్చాయి. కారణం తెలియక మూడు వారాలు తల పట్టుకున్నాను. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సుద్దగా మారిపోయింది. ఒక్కో నమూనాకు ఏడు రోజులు మాగడం, నాలుగు రోజులు నానడం, మొత్తం పదకొండు రోజులు. అలాంటివి పద్దెనిమిది పారబోశాను.

అన్నిటికన్నా కష్టమైనది ప్రయోగశాలలో కనబడని సమస్య. అక్కడ మట్టిని ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టి సున్నం కలుపుతాము. రోడ్డు మీద ఎవరు దంచుతారు? పచ్చి నల్లమట్టి గడ్డలుగా ఉంటుంది. సున్నం గడ్డ పైకి మాత్రమే అంటుతుంది, లోపల పాత మట్టి అలాగే ఉంటుంది. దీనికి దారి రెండు విడతలుగా కలపడం. సగం సున్నం వేసి, తడిపి, ఒకటి రెండు రోజులు అలా వదిలేస్తే గడ్డలు వాటంతట అవే పొడిగా విరుగుతాయి. అప్పుడు మిగతా సున్నం, బూడిద వేసి తొక్కించాలి. అరటి గెలను మాగబెట్టినట్టు మట్టిని మాగబెట్టడం. ఇలా చేశాక 4 శాతం సున్నం, 8 శాతం బూడిదతో నానిన సి.బి.ఆర్. రెండంకెలకు చేరింది, డయల్ గేజి ముల్లు దాదాపు కదలలేదు.

ప్రభుత్వ రోడ్డు మీద ప్రయోగానికి అనుమతి దొరకడం సులువు కాదు. నేను తిరుగుతున్నది చూసి ఆ బాబాయే తన చెరువుకు వెళ్ళే దారిలో నలభై మీటర్లు ఇచ్చారు. మేత లారీలు, రొయ్యల లారీలు ఐసు నీళ్ళు కార్చుకుంటూ తిరిగే దారి అది. ముప్పై మీటర్లకు మిశ్రమం, పది మీటర్లు మామూలుగా. కలపడానికి ఆయన ట్రాక్టరు రోటవేటరే వాడాము. మేలో మొదటి సున్నం, రెండు రాత్రులు మాగుడు, తరువాత బూడిద, మిగతా సున్నం, రోలరు. పైన తడి గోనెపట్టాలు కప్పి వారం పాటు ఆయన మనిషే నీళ్ళు చల్లాడు.

నవంబరు చివర వానలు తగ్గాక సుత్తి తీసుకుని వెళ్ళాను. మామూలు పది మీటర్లలో కడ్డీ దెబ్బకు అయిదు సెంటీమీటర్లకు పైగా దిగింది. లారీ చక్రాల జాడల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. మిశ్రమం వేసిన చోట పన్నెండు మిల్లీమీటర్లు. బాబాయి పక్కనే నిలబడి దెబ్బలు లెక్కపెట్టారు. ఫిబ్రవరిలో మళ్ళీ కొలిస్తే పదకొండు వచ్చింది, చెరువు నిండుగా ఉండగానే.

తరువాతి మేలో వెళ్ళేసరికి చెరువు వైపు అంచుకు సమాంతరంగా, అరమీటరు లోపల, సన్నని చీలిక పన్నెండు మీటర్ల పొడవున వచ్చి ఉంది. చెరువు ఎండగట్టారు. మిశ్రమం కలపని బెర్ములో మట్టి ఆరి కుంచించుకుపోతూ గట్టిపడిన భాగాన్ని పక్కకు లాగింది. నేను దారి వెడల్పుకు మాత్రమే మిశ్రమం వేశాను, బెర్మును వదిలేశాను. ఆ చీలికలో నుంచి జూన్ నీరు దిగితే నా ముప్పై మీటర్లు కూడా కిందినుంచి మెత్తబడతాయి. గ్రంథంలో ఆ ఫోటోను పెట్టాను, మౌఖిక పరీక్షలో ఎక్కువ ప్రశ్నలు వచ్చింది కూడా దాని గురించే.

పట్టా వచ్చింది. బాబాయి ఇంకో నలభై మీటర్లు ఇస్తానన్నారు. ఈసారి బెర్ముతో కలిపి రెండు వైపులా మీటరు అదనంగా కలపాలి. కాలువలు కట్టేసిన వారమే పని మొదలుపెట్టాలని బూడిద కోసం మిల్లుకూ, రోలరు డ్రైవరుకూ ఫోన్లు చేసి పెట్టాను.